బరంపురం పాత బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్, పని నీట్‌గా చేస్తారు

మా తమ్ముడు అమెరికా సిటిజన్, అక్కడ డిఫెన్స్ జాబ్‌కి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) కావాలంటే ఎస్ఎఫ్-86 ఫారంలో ఇక్కడున్న మా అందరి వివరాలు రాయాలట, అమ్మ పేరు ఆధార్‌లో ఒకలా ఒడియా రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే ఈ సెంటర్ అన్న రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసి రెండు స్పెల్లింగులూ టైప్ చేసిచ్చారు. నేను ఒడిశా సర్కారు స్కూల్లో టీచర్ని, ఆ సంగతి రాయొద్దన్నాడు మావయ్య. తమ్ముడు ఒప్పుకోలేదు, కరెక్టే చేశాడు. క్లియరెన్స్‌కి అమెరికా వాడే 2017 రూల్స్‌లో విదేశీ బంధువులు గైడ్‌లైన్ బి (విదేశీ ప్రభావం) కింద వస్తారు, చుట్టరికం ఉన్నంత మాత్రాన క్లియరెన్స్ కాదనరు, ఏ దేశం, వాళ్ళేం చేస్తారు, రాకపోకలెంత అన్నీ చూస్తారు, కావాలని దాస్తే మాత్రం గైడ్‌లైన్ ఇ (వ్యక్తిగత ప్రవర్తన) కిందకొస్తుంది, పైగా తెలిసి అబద్ధం రాయడం అక్కడ నేరం. దాచమంటే వినకండి ప్లీజ్. సాయంత్రం రష్, కూర్చోడానికి చోటుండదు, పొద్దున్నే వెళ్ళండి.