ఈఏపీ లెక్క తేల్చడానికి ఏది మేలు: వాడకం రేటా, సర్వేనా, ఆర్‌ఓఐయా?

ఉద్యోగులకు కంపెనీ ఖర్చుతో, గుట్టుగా కౌన్సెలింగ్ ఇప్పించే ఏర్పాటే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, అంటే ఈఏపీ. కాంట్రాక్టు రెన్యూవల్ దగ్గరపడగానే ఇది అసలు పనికొస్తోందా అని పైవాళ్లు అడుగుతారు. హెచ్‌ఆర్ దగ్గర సాధారణంగా మూడు రకాల లెక్కలుంటాయి: వాడకం రేటు, సర్వే, ఆర్‌ఓఐ (పెట్టిన ఖర్చుకు ఎంత తిరిగొచ్చిందనే లెక్క).

వాడకం రేటు తేలిగ్గా దొరుకుతుంది, అంతే తేలిగ్గా ఉబ్బుతుంది. వెయ్యిమంది ఉన్న కంపెనీలో ఏడాదికి 40 మంది కౌన్సెలర్‌తో మాట్లాడారనుకోండి, అది 4 శాతం. వెబినార్‌కు వచ్చిన 150 మందినీ, యాప్‌లో ఒకసారి లాగిన్ అయి వదిలేసిన 110 మందినీ కలిపేస్తే 30 శాతం! అందుకే ఇద్దరు వెండర్లను పోల్చేముందు ఎవరు దేన్ని కేసుగా లెక్కిస్తున్నారో అడగాలి. పైగా రేటు పెరిగితే సంతోషించాలో, ఆఫీసులో టెన్షన్ పెరిగిందని కంగారుపడాలో ఆ అంకె చెప్పదు.

నా ఓటు ముందూ తర్వాతా చేసే సర్వేకే. వర్క్‌ప్లేస్ అవుట్‌కమ్ సూట్ అనే ప్రశ్నావళి చిన్న రూపంలో ఐదే ప్రశ్నలుంటాయి. గైర్హాజరు, సీట్లో ఉన్నా పనిమీద మనసు నిలవకపోవడం, పనిమీద ఆసక్తి, జీవితంపై తృప్తి, ఆఫీసుకు వెళ్లాలంటేనే బెంగ: వీటి గురించి గత 30 రోజుల సంగతి అడుగుతారు. కౌన్సెలింగ్‌కు ముందు ఒకసారి, దాదాపు 90 రోజులకు మరోసారి. మనిషిలో వచ్చిన మార్పును నేరుగా పట్టేది ఇదొక్కటే.

దీనికీ లొసుగులున్నాయి. జనం మరీ తట్టుకోలేని స్థితిలోనే ఫోన్ చేస్తారు కాబట్టి, కౌన్సెలింగ్ లేకపోయినా కొందరు కొంత తేరుకునేవారే. రెండోసారి జవాబివ్వని వాళ్లెందరో చెప్పని రిపోర్టును నమ్మలేం.

ఒకటి పెడితే మూడొచ్చాయని చెప్పే ఆర్‌ఓఐ చాలాసార్లు ఈ సర్వే ఫలితాన్నే జీతంతో గుణిస్తుంది, దాంతోపాటు లొసుగులనూ. ఇల్లినాయ్ యూనివర్సిటీలో 2016లో మొదలైన ఒక అధ్యయనం ఈఏపీ మీద కాదు, దాని దగ్గరి చుట్టమైన వెల్‌నెస్ ప్రోగ్రామ్ (ఉద్యోగుల ఆరోగ్యం మెరుగుపరిచే ఏర్పాటు) మీద. దాదాపు 5,000 మందిని ప్రోగ్రామ్‌కు పిలిచేవాళ్లు, పిలవనివాళ్లు అని లాటరీ పద్ధతిలో విడగొట్టారు. పాల్గొన్నవాళ్లను పాల్గొననివాళ్లతో పోలిస్తే ప్రోగ్రామ్ గొప్పగా కనిపించింది. లాటరీలో పడ్డ రెండు గుంపులనూ పోలిస్తే మాత్రం వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందే ఖర్చు తక్కువున్నవాళ్లు ఎక్కువగా చేరడమే కారణం.

ఈఏపీలో వ్యవహారం తలకిందులు. ఇబ్బందిలో ఉన్నవాళ్లే వస్తారు కాబట్టి, మిగతా ఉద్యోగులతో పోలిస్తే మంచి ప్రోగ్రామ్ కూడా పేలవంగా తేలుతుంది. అంతే ఒత్తిడిలో ఉండీ దీన్ని వాడుకోనివాళ్లతో పోల్చాలి. పెద్ద కంపెనీకి అది సాధ్యమే. చిన్న కంపెనీకి ఐదు ప్రశ్నల సర్వే చాలు, ఆర్‌ఓఐ జోలికి పోనక్కర్లేదు.

ఏ లెక్క ఎంచుకున్నా, పదిమంది కూడా లేని టీమ్‌కు విడిగా రిపోర్టు అడగొద్దు. పేర్లు తీసేసినా ఎవరో ఇట్టే గుర్తుపట్టేస్తారు. ఆ తర్వాత ఆ టీమ్‌లో ఎవరూ ఈఏపీకి ఫోన్ చేయరు.