తడిపి అంటించే కాగితపు టేపు: వాడి చూసిన అభిప్రాయం

పుస్తకాల పార్శిళ్లకు ప్లాస్టిక్ టేపు మానేసి, తడిపి అంటించే గోధుమరంగు కాగితపు టేపును కొన్ని నెలలుగా వాడుతున్నాను. దాని వెనుక పూసిన పిండిజిగురు నీరు తగలగానే మెత్తబడి, అట్టపెట్టె పీచులోకి ఇంకి ఆరిపోతుంది కనుక, దారిలో ఎవరైనా విప్పితే అట్ట పైపొర కూడా చిరిగి ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. పెట్టెను టేపుతో సహా పాత కాగితాలు కొనేవారికి ఇవ్వగలగడం నాకు అన్నిటికంటే నచ్చింది. గాజుపోగులు కలిపిన గట్టి రకం కూడా ఉంది కాని, చిన్న పార్శిళ్లకు ఉత్త కాగితపు రకమే చాలు. నీరు ఎక్కువైతే జిగురు కొట్టుకుపోతుంది, తక్కువైతే అంచులు లేస్తాయి. తడి స్పాంజితో ఒక్కసారి తుడిచి అరచేత్తో గట్టిగా అదమాలి. వానాకాలంలో మాత్రం చుట్టను మూత ఉన్న డబ్బాలో దాచాలి, నా మొదటి చుట్ట చెమ్మకు పొరలన్నీ అతుక్కుపోయి పాడైంది.