మ్యాట్రిక్స్‌రిబ్ ప్లేట్ల సెట్: ట్రే సర్దేవాళ్ళ వైపు నుంచి రివ్యూ

నేను ఇంగ్లండ్‌లో ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ళని చూసే ఒక ట్రామా హాస్పిటల్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఇలాంటి సామాన్ల గురించి సర్జన్లు రాసినవి బోలెడున్నాయి గానీ ట్రే సర్ది, అడిగింది అందించి, చివర్లో స్క్రూలు లెక్కపెట్టుకునేవాళ్ళని ఎవరూ అడగరు కాబట్టి నేనే రాస్తున్నా. డిప్యూ సింథెస్ వాళ్ళ మ్యాట్రిక్స్‌రిబ్ అంటే విరిగిన పక్కటెముకల్ని కలిపి పట్టుకునే టైటానియం ప్లేట్లు.

పక్కటెముక విరిగిన ప్రతివాళ్ళకీ ఇవి వెయ్యరు. చాలామందికి నొప్పి తగ్గేలా మందులు గానీ నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్ (బ్లాక్) గానీ ఇచ్చి, దగ్గించి, లేపి నడిపిస్తే దానంతటదే అతుక్కుంటుంది. వరసగా మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఎముకలు ఒక్కోటి రెండేసి చోట్ల విరిగాయనుకోండి, అప్పుడు ఆ భాగం విడిపోయి, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ అంతా పైకి లేస్తుంటే అదొక్కటీ లోపలికి పోతుంది, దీన్నే ఫ్లెయిల్ చెస్ట్ అంటారు, ఇక్కడ ఏ వైద్యం ఎలా చెయ్యాలో సూచించే నైస్ (NICE) సంస్థ 2010లో గైడెన్స్ ఇచ్చింది కూడా ముఖ్యంగా ఇలాంటివాళ్ళకి ప్లేట్లు వెయ్యడం గురించే.

మనవైపు చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకి పరిగెడతారు కదా, చేతినైతే కదలకుండా కట్టెయ్యొచ్చు, ఛాతీని ఎలా కట్టేస్తారు? నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసుకున్నా రోజుకి 21,600 సార్లు ఆ ఎముక కదలాల్సిందే. డిజైన్ చేసేవాళ్ళ తలనొప్పంతా ఇక్కడే. ప్లేటు మరీ బిర్రుగా ఉంటే ఎముక వంగుతుంది అది వంగదు, ఆ లాగుడికి స్క్రూ ఊడొస్తుంది. మరీ పల్చగా ఉంటే ప్లేటే విరుగుతుంది. దానికి తోడు పక్కటెముకకి పైన పల్చటి పెంకు, లోపలంతా గుల్ల, మామూలు స్క్రూకి పట్టే దొరకదు.

ఇందులో ప్లేటు మందం 1.5 మిల్లీమీటర్లే, స్క్రూ తలకి కూడా థ్రెడ్ ఉంటుంది, అది వెళ్ళి ప్లేటు రంధ్రంలోనే బిగుసుకుంటుంది కాబట్టి భారమంతా ఎముక పట్టు మీదే పడదు. మెట్ల మీంచి జారిపడ్డ ముసలివాళ్ళు మాకు తెగ వస్తారు, వాళ్ళ ఎముకలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు కదా, ఈ లాకింగ్ విలువ అక్కడ తెలుస్తుంది. విరిగినచోటికి అటు మూడు ఇటు మూడు స్క్రూలు పడాలనేది మామూలు లెక్క.

ప్లేట్లు ముందే వంచి వస్తాయి, ఎడమకి వేరు కుడికి వేరు, మూడో ఎముక నుంచి తొమ్మిదో దాకా. పక్కటెముకకి వంపొక్కటే కాదు, ఎండిన తాటాకులాగా పొడుగునా మెలి కూడా ఉంటుంది, తిన్నటి ప్లేటు తీసుకుని ఆ మెలి చేత్తో తెప్పించాలంటే సర్జన్‌కి చెమటలు పడతాయి, పక్కన మేము గడియారం చూస్తూ నిలబడాలి. సన్నగా పొట్టిగా ఉన్నవాళ్ళకైతే ఇదైనా కాస్త వంచుకోవాల్సి వస్తుంది, అది ఏ రెడీమేడ్ ప్లేటుకైనా తప్పదులెండి.

నాకు ప్లేటు కంటే కూడా దాంతో వచ్చే పనిముట్లే నచ్చాయి. ముందు కాలిపర్‌తో ఎముక మందం కొలుస్తారు, సర్జన్ నంబర్ చెప్తాడు, ఆ నంబర్ డ్రిల్ బిట్టు నేనందిస్తా. బిట్టు మీద ఒక గట్టులాంటిది ఉంటుంది, అంత లోతు వెళ్ళగానే అది అడ్డం తగిలి ఆగిపోతుంది. ఎముక అవతల ఉన్నది ఊపిరితిత్తి మరి. అందుకే ఆ బిట్టు అందించేటప్పుడు నేను సైజు పైకి చదివి మరీ ఇస్తా. ఇంకోటి 90 డిగ్రీల స్క్రూడ్రైవర్. రెక్క ఎముక కింద దాక్కున్న ఫ్రాక్చర్లకి తిన్నటి డ్రైవర్ పట్టదు, ఇది లేకపోతే కోత ఇంకా పెద్దది పెట్టాలి. ఎముక లోపలి గుల్లలోకి దూర్చే స్ప్లింట్ (సన్నటి బద్ద) కూడా సెట్‌లో ఉంది, ఒక చివర ఒకే స్క్రూ, వెనకవైపు ఫ్రాక్చర్లకి పనికొస్తుంది.

పక్కటెముక కింది అంచునే నరం, రక్తనాళాలు పోతాయి. పాతకాలం జూడే ప్లేట్లు కాళ్ళతో ఎముకని పైనా కిందా వాటేసుకునేవి, ఆ నరం నలిగి తర్వాత నొప్పులని గొడవ. మ్యాట్రిక్స్‌రిబ్ బయటివైపు మాత్రమే కూర్చుంటుంది. అక్యుమెడ్ వాళ్ళ రిబ్‌లాక్ ఇంకో దారి పట్టింది, యు ఆకారంలో పై అంచు మీంచి తొడిగేస్తారు, కింది అంచు జోలికే పోదు. ఆలోచనగా చూస్తే నాకు అదే ముచ్చటగా అనిపిస్తుంది, కానీ వెన్ను దాకా పోయే పొడుగు ఫ్రాక్చర్ల వరసకి మ్యాట్రిక్స్‌రిబ్ వైపే మొగ్గుతా.

ఇక చిరాకు సంగతి. ఏ కంపెనీది అని చెప్పను గానీ అద్దె మీద తెప్పించిన ఒక రిబ్ సెట్ పొద్దున్నే వస్తే, మధ్య సైజు స్క్రూల గడులు ఖాళీ. పేషెంట్ అప్పటికే కింద హోల్డింగ్‌లో, అంటే ఆపరేషన్‌కి ముందు ఉంచే గదిలో ఉన్నాడు. మధ్య సైజులే కదా ఎక్కువ వాడేది, ఎవరు సర్దారో మహానుభావుడు. ఏ సెట్ అయినా సరే మత్తు ఇవ్వకముందే మూత తీసి గడి గడీ చూసుకోండి, లిస్టు మీద టిక్కు ఉంది కదా అని నమ్మొద్దు.

5కి 4 ఇస్తా. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానంటే కొత్తగా వచ్చిన నర్సులకి ఈ ట్రే నేర్పడానికి చాలా టైం పడుతోంది, ఒకేలా కనిపించే ప్లేట్లు అన్ని ఉంటాయి మరి. ఎముక అతికాక ప్లేటు తీసేస్తారా అని పేషెంట్ల పిల్లలు తప్పకుండా అడుగుతారు, ఇబ్బంది పెడితే తప్ప తియ్యరు, అలాగే వదిలేస్తారు.