భాకరాపేట ఘాట్‌లో సెకండ్ గేర్: పాత స్విఫ్ట్‌తో 58,000 కిలోమీటర్లు

2022 ఫిబ్రవరిలో చిత్తూరు కట్టమంచిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి ఇంటి ముందు నుంచి ఈ బండిని తోలుకొచ్చుకున్నప్పుడు మీటరు మీద 48,000 చిల్లర ఉంది. మొన్న శనివారం పీలేరులో పెట్రోలు పోయించుకుంటూ చూస్తే 1,06,000 దాటింది. మూడేళ్ల పది నెలలు. ఇంత తిప్పాక దీని మంచీ చెడూ చెప్పొచ్చనుకుంటా.

బండి 2014 మోడల్ మారుతి స్విఫ్ట్, పెట్రోలు, జెడ్ఎక్స్ఐ, అంటే ఎయిర్‌బ్యాగులున్న పై మోడల్. 1,197 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, 87 పీఎస్, ఐదు గేర్లు. బరువు వెయ్యి కిలోల లోపే. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, ఘాట్ దగ్గర మళ్లీ దాని పని పడుతుంది.

నేను తిరుపతిలో బ్యాంకు ఉద్యోగిని. అమ్మానాన్న మదనపల్లెలో ఉంటారు. ప్రతి శనివారం సాయంత్రం రంగంపేట, భాకరాపేట, పీలేరు మీదుగా వెళ్లడం, ఆదివారం రాత్రికి తిరిగి రావడం. వారంలో మిగిలిన రోజులు బైరాగిపట్టెడ నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు. అంతకుముందు ఇదంతా బస్సులోనే. నాన్నకు మోకాళ్ల నొప్పి ఎక్కువై నెలకోసారి తిరుపతి ఆసుపత్రికి తీసుకురావాల్సి వచ్చాక ఇక కారు తప్పలేదు.

చేతిలో ఉన్నది ఐదు లక్షలు. ఆ డబ్బుకు కొత్త బండి కొంటే అన్నిటికన్నా కింది మోడల్ వస్తుంది, దాన్ని ఘాట్ ఎక్కిస్తే అది ఏడుస్తుంది, మనమూ ఏడుస్తాం. అందుకే పాతదే అనుకున్నాను. పాతదైనా నడుపుతుంటే హుషారుగా ఉండాలి. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉండాలి. దారిలో ఆగిపోతే పీలేరు మెకానిక్కైనా బాగు చేయగలగాలి. డీజిల్ వద్దనుకున్నాను. ఊళ్లో రోజుకు నాలుగు కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిల్ ఎందుకు?

ఎయిర్‌బ్యాగుల గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అదే స్విఫ్ట్‌లో కింది మోడల్ యాభై వేలు తక్కువకు దొరుకుతోంది కదా అని మా బావమరిది. ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌కు 2014లో బండ్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో, పెద్దల రక్షణ విషయంలో, ఒక్క స్టార్ కూడా రాలేదు. ఆ వీడియో చూపిస్తే మా ఆవిడే తేల్చేసింది: "ఆ యాభై వేలు నా గాజులు పెట్టయినా ఇస్తా, ఇదే తీసుకో." గాజుల దాకా పోలేదు లెండి.

వెతకడం మొదలుపెట్టిన సమయమే బాగాలేదు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయా? తిరుపతిలో సగం వీధులు చెరువులైపోయాయి. సెల్లార్లలో పెట్టిన బండ్లన్నీ మునిగాయి. రెండు నెలలు తిరిగేసరికి ఆ బండ్లలో కొన్ని తళతళా కడిగించుకుని, సీట్లకు కొత్త కవర్లు తొడిగించుకుని అమ్మకానికి నిలబడ్డాయి. రేణిగుంట రోడ్డులో ఒక చోట అలాంటిదే చూశాను. లోపల అత్తరు కొట్టినట్టు ఘుమఘుమలాడుతోంది. నాకు నచ్చేసింది కూడా. నాతో వచ్చిన మెకానిక్ బాయ్ ఇంజను జోలికే పోలేదు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా, ఇక రాదు అనేదాకా లాగాడు. మామూలుగా మనం లాగే పొడవు వరకు బెల్టు శుభ్రంగానే ఉంది. ఆ తర్వాతి జానెడు మీద ఎండిన బురద, అడ్డంగా ఒక గీత. వేలితో గీకి నా అరచేతిలో రాల్చాడు.

"నీళ్లు తాగిన బండి సార్ ఇది. కొనబాకండి, కరెంటు వైర్లు ఒక్కొక్కటే ప్రాణం తీస్తాయి."

అప్పటి నుంచి ఎవరు పాత బండి చూడమని పిలిచినా ముందు బెల్టు లాగుతాను. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంటలో చెయ్యి పెడతాను. సీటు కింద పట్టాల మీద తుప్పు చూస్తాను. పైన ఎంత పాలిష్ కొట్టినా ఈ మూడు చోట్ల ఎవరూ కడగరు.

రెండోది తమిళనాడు రిజిస్ట్రేషన్ బండి, మీటరు మీద 52,000. కానీ క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు అరిగి నున్నగా అయిపోయాయి, గేరు రాడ్డు నాబ్ మీద అంకెలే లేవు. యాభై వేలకు అంత అరగవు. టైర్ల మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ బండికి నాలుగూ ఒకే నెలవి, చాలా కొత్తవి. 52,000కే రెండో జత టైర్లు పడ్డాయంటే మీటరు వెనక్కి తిరిగిందనే అనుకున్నాం. మూడోది బెంగళూరు బండి. అది నిజంగా మంచి బండే, ధర కూడా తక్కువే. కానీ అక్కడి ఎన్ఓసీ (బండి వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేస్తే ఆ తక్కువంతా ఆవిరైపోయింది. పక్క రాష్ట్రం బండి చౌక అని పరిగెత్తే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోండి.

ఫోర్డ్ ఫిగో కూడా ఒకటి చూశాను. ఇండియాలో తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ 2021 సెప్టెంబరులోనే ప్రకటించింది, దాంతో పాత బండ్ల ధరలు బాగా పడిపోయి ఉన్నాయి. ఆ స్టీరింగు పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. అయినా పార్టులు దొరుకుతాయో లేదోనని భయపడి వదిలేశాను. మా బ్రాంచిలో ఒకాయన అదే బండి కొని ఇవాళ్టికీ హాయిగా తిప్పుతున్నాడు. ఎదురైనప్పుడల్లా హారన్ కొడతాడు, కావాలనే.

హెడ్మాస్టరు గారి బండి నాలుగోది. ముందు రోజే ఫోన్లో చెప్పాను, "సార్, మేమొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకుండా ఉంచండి" అని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాం, చల్లగా ఉంది. వేడెక్కిన ఇంజను చాలా లోపాలు దాచేస్తుంది, చల్లటిది దాచలేదు. ఒక్క తిప్పుకే అందుకుంది, వెనక పొగ లేదు. బాయ్ ఆయిల్ మూత తీసి నడుస్తున్న ఇంజను మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. లోపలి నుంచి ఊపిరి కొడుతుందేమోనని, కొడితే ఇంజను లోపల అరిగిపోయినట్టు. కొట్టలేదు.

నాకు అసలు ధైర్యం ఇచ్చింది మాత్రం ఆయన ఫైలు. ఆయన బీరువాలోంచి ఒక అట్ట ఫైలు తెచ్చారు. ప్రతి సర్వీసు బిల్లూ తేదీ ప్రకారం దారంతో కుట్టి ఉంది, పక్కన ఎర్ర ఇంకుతో కిలోమీటర్లు. హాజరు పట్టీలాగా. ఇన్సూరెన్సు కాగితంలో నో క్లెయిమ్ బోనస్ 50 శాతం అని ఉంది. వరసగా ఐదేళ్లు ఒక్క క్లెయిమ్ కూడా చెయ్యకపోతేనే అది 50కి చేరుతుంది. ఎక్కడైనా గట్టిగా గుద్ది ఉంటే ఆ అంకె ఉండదు. సొంత డబ్బుతో బాగు చేయించుకున్నవాళ్లు ఉంటారు, నిజమే, అందుకని బానెట్ బోల్టుల మీద పెయింటు గీసుకుపోయిందా, తలుపు అంచుల్లో వెల్డింగ్ చుక్కలు సమంగా ఉన్నాయా అనీ చూసుకున్నాం. కాకపోతే ఆ బోనస్ బండిది కాదు, మనిషిది. పాలసీ నా పేరుకు మార్చుకునేటప్పుడు ఆ తేడా నేనే కట్టాల్సి వచ్చింది. ఈ సంగతి ముందు ఎవరూ చెప్పలేదు.

4,15,000 దగ్గర బేరం తెగింది. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, ఆధార్ జిరాక్సులు, చలానాలేమైనా ఉన్నాయేమో ఆన్‌లైన్లో చూసుకోవడం, అంతే. లోను లేని బండి కాబట్టి ఆ కాగితాల గొడవా లేదు.

మిగిలిన డబ్బులోంచి మొదటి నెలలోనే 46,000 ఖర్చయింది. నేను ఎవరికి చెప్పినా ఉలిక్కిపడేది ఇక్కడే. అంత మంచి బండికి ఇంకా ఖర్చేంటి అని. హెడ్మాస్టరు గారు వారానికోసారి గుడికీ బజారుకీ తిప్పిన బండి. టైర్లలో గాడి ఉంది గానీ వయసైపోయి రబ్బరు గట్టిపడింది, నాలుగూ మార్చాను. ఆయనకు క్లచ్ మీద కాలు పెట్టుకుని నడిపే అలవాటు. రేణిగుంట ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేర్లో గట్టిగా తొక్కితే ఇంజను అరుస్తోంది గానీ స్పీడు పెరగడం లేదు. క్లచ్ సెట్టు మొత్తం మార్చాం. ముందు బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, కూలెంటు, ఇంజనాయిలు. వీటన్నిటికంటే చవకైనదీ, ఎక్కువ తేడా తెచ్చినదీ గేరాయిలు. పొద్దున్నే సెకండ్‌లోకి వేస్తుంటే ఏదో తట్టుకున్నట్టుండేది. ఆయిలు మార్చాక పెరుగులో గరిటె దిగినట్టు దిగుతోంది. ఆ తర్వాత ఈ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దారిలో నిలబెట్టలేదు. బ్యాటరీ ఒకటి, ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఏసీ గ్యాసు ఒకసారి. ఇంజను లోపల టైమింగుకు ఉన్నది బెల్టు కాదు, చైను, కాబట్టి ఆ మార్పిడి ఖర్చూ లేదు.

ఇక నడపడం. ఊళ్లో ఇది మామూలు బండి. లీలామహల్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఫస్టు, న్యూట్రలు, మళ్లీ ఫస్టు. ఎడమ కాలు లాగేస్తుంది. ఆ అరగంట ఆటోమేటిక్ వాళ్లను చూసి కుళ్లుకుంటాను, దాచడం ఎందుకు.

భాకరాపేట ఘాట్ దగ్గర ఆ కుళ్లు పోతుంది. ఈ ఇంజను 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) కింద నిద్రపోతుంది. దీని పూర్తి టార్కు, అంటే లాగే బలం, 114 ఎన్ఎం, అది వచ్చేది 4,000 దగ్గర. థర్డ్‌లోనే బద్ధకంగా లాగిద్దామనుకుంటే వణుకుతుంది. వంపు రాకముందే బ్రేకు వేసి, క్లచ్ వదిలేలోపు ఒకసారి యాక్సిలరేటర్ తట్టి సెకండ్‌లోకి దించితే ముల్లు 3,500 మీదికి లేచి కూర్చుంటుంది. అప్పుడు వంపులో స్టీరింగు తిప్పి మెల్లగా తొక్కుకుంటూ పోతే ముక్కు మనం చూసిన వైపుకే తిరుగుతుంది. బరువు తక్కువ కాబట్టి బండి వంపు బయటికి తోసుకుపోవడం లేదు. స్పీడు చూస్తే నలభై కూడా ఉండదు. ఆ నలభైలోనే ఉంది సరదా అంతా. హైవే మీద నూటపదిలో పోతే నాకు ఆవలింతలు వస్తాయి.

దిగేటప్పుడు ఇంకా నచ్చుతుంది. ఆదివారం రాత్రి మదనపల్లె నుంచి టమాటా లారీలు వరసగా దిగుతుంటాయి. వాటి వెనకాల సెకండ్‌లో వదిలేస్తే ఇంజనే పట్టుకుంటుంది, బ్రేకు మీద కాలు తాకిస్తే చాలు. ఎక్కే గేరులోనే దిగాలని డ్రైవింగు నేర్పిన మామ చెప్పేవాడు. ముందు పోయే బండి బ్రేకు లైట్లు ఘాట్ పొడుగునా వెలుగుతూనే ఉంటే, కాసేపటికి రబ్బరు కాలిన వాసన మన దాకా వస్తుంది. అలాంటివాళ్లకు దూరంగా ఉంటాను.

తిరుమలకు నెలకోసారైనా వెళ్తాం. అక్కడ ఈ ఆటలు సాగవు, సాగకూడదు కూడా. ఎక్కడానికి 28 నిమిషాల కంటే, దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ పట్టకూడదని నిబంధన. నలుగురు ఎక్కి ఏసీ వేస్తే పైకి పోయేటప్పుడు ఫస్టుకూ సెకండ్‌కూ మధ్య నలిగిపోతుంది. ఏసీ ఆపి అద్దాలు దించేస్తే గాలీ బాగుంటుంది, బండికీ ఊపిరాడుతుంది.

నచ్చనివీ ఉన్నాయి. డిక్కీ చాలా చిన్నది. మా అమ్మ ఇచ్చే ఒక బస్తా బియ్యం, రెండు ఆవకాయ జాడీలు, నాన్నకోసం మడతపెట్టే చక్రాల కుర్చీ పెడితే అయిపోయింది, మా బ్యాగులు వెనక సీటెక్కుతాయి. వెనక అద్దం ఇరుకు, పక్కల స్తంభాలు లావు. రివర్స్ చేసేటప్పుడు స్కూటర్లు కనపడవు. వెయ్యి రూపాయల సెన్సార్లు పెట్టించాక ఆ టెన్షన్ తగ్గింది. వెనక కూర్చుంటే గుంతలు బాగా తెలుస్తాయి, నాన్న అందుకే ఎప్పుడూ ముందు సీటే.

మైలేజీ ఘాట్‌తో కలిపి 17 వచ్చేది, ఊళ్లో 13. ఈ ఏడాది ఒకటి తగ్గింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇథనాల్‌లో సత్తువ తక్కువ, ఆ మాత్రం తగ్గుతుంది. 2014 బండి దీనికోసం తయారైంది కాదు కాబట్టి బాయ్ పెట్రోలు గొట్టాలు విప్పి చూసి, గట్టిపడ్డ ఒకదాన్ని మార్చాడు. ప్రతి సర్వీసుకూ అవి చూడమని చెప్పి ఉంచాను.

ఆర్‌సీ 2029 దాకా ఉంది. అప్పటికి మీటరు 1,60,000 దగ్గరుంటుందేమో. హెడ్మాస్టరు గారి ఫైలు నిండిపోయింది, రెండోది మొదలుపెట్టాను. ఎర్ర ఇంకు పెన్ను కూడా కొన్నాను. వెనక షాక్ అబ్జార్బర్లు కొద్దిగా ఆయిలు కారుస్తున్నాయి, సంక్రాంతి పోనిచ్చి మార్చుకుందాం సార్ అన్నాడు బాయ్.