మ్యాచ్‌కో టాపిక్: టెలిగ్రామ్‌లో మా ఇంటి క్రికెట్ గ్రూప్

మా ఇంటివాళ్ల క్రికెట్ గ్రూప్‌ని వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కి మార్చడానికి కారణం ఒక్కటే, టాపిక్స్ అనే ఫీచర్. మిగతా ఫీచర్లు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. 2022 నవంబరులో ఇది వచ్చినప్పుడు 200 మంది దాటిన గ్రూపులకే ఇచ్చారు. మాలాంటి చిన్న గ్రూపులకి తర్వాత వచ్చింది. ఒకే గ్రూప్‌లో మ్యాచ్‌కో టాపిక్ విడిగా పెట్టుకోవచ్చు, ఒకదాంట్లో మాటలు ఇంకోదాంట్లోకి రావు. అంతే. కానీ ఆ ఒక్కదాని వల్లే మా డాలస్ బావ మళ్లీ మాతో కలిసి క్రికెట్ చూస్తున్నాడు.

ఇక్కడ సాయంత్రం ఏడున్నరకి ఐపీఎల్ మొదలైతే అక్కడ పొద్దున తొమ్మిది. బావ ఆఫీసులో ఉంటాడు, రాత్రికి ఇంటికొచ్చి రికార్డింగ్ పెట్టుకుంటాడు. వాట్సాప్‌లో అన్నీ ఒకే వరసలో వచ్చి పడేవి. అత్త మందుల సంగతి కనుక్కుందామని గ్రూప్ తెరిస్తే ముందు స్కోరు కనిపించేది. చివరికి గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టేసి, పండగలకి మాత్రం పలకరించేవాడు.

2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబై మీద సన్‌రైజర్స్ 277 కొట్టిన రోజు నాకు టాపిక్స్ విలువ పూర్తిగా తెలిసింది. ఓవర్ అవగానే స్కోరు ఒక లైన్లో పెట్టడం మా అక్కకి అలవాటు. బావ పగలంతా ఆ టాపిక్ ముట్టుకోలేదు. రాత్రి మ్యాచ్ పెట్టుకుని, ఫోన్‌లో టాపిక్ మొదటికి వెళ్లి, అక్క పెట్టిన లైన్ వచ్చేదాకా చదివి ఆగడం, టీవీలో తర్వాతి ఓవర్ చూడటం, మళ్లీ చదవడం. మేం పొద్దున లేచి చూస్తే హెడ్ కొట్టిన సిక్సర్ల దగ్గర, అభిషేక్ దగ్గర, క్లాసెన్ దగ్గర, మా ఒక్కో మెసేజ్ కింద బావ రిప్లైలు. "ఇది నోబాల్ అనుకున్నా", "అత్తా, నువ్వన్నట్టే కొట్టాడు చూడు" అంటూ! పన్నెండు గంటలు ఆలస్యంగా చూసిన మనిషి మా పక్కన కూర్చుని చూసినట్టే ఉంది. ఏ యాప్‌లోనూ నాకింత సంతోషం కలగలేదు.

దీనికో షరతు ఉంది. టాపిక్ పేరులో జట్లు, తేదీ తప్ప ఏమీ ఉండకూడదు. టాపిక్ మొదలుపెట్టినవాళ్లు దాని పేరు మార్చుకోవచ్చు. ఒకసారి మా వాళ్లలో ఒకరు సంబరం ఆపుకోలేక పేరు పక్కనే స్కోరు చేర్చారు. లిస్టు చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది. అప్పటి నుంచి కొత్త టాపిక్ మొదలుపెట్టే పర్మిషన్ అడ్మిన్ అయిన మా అన్నయ్య దగ్గరే ఉంది.

ఇదంతా ఒక్క పూటలో తేలిపోయే ఆటకి. టెస్టులకి కూడా ఇంతే బాగుంటుందని చెప్పలేను. 2025లో లండన్‌లో ఇంగ్లండ్‌తో ఆడిన ఓవల్ టెస్టుకి అన్నయ్య రోజుకో టాపిక్ తెరిచాడు. మూడు రోజులు సాఫీగా గడిచాయి. నాలుగో రోజు ఆదివారం, అందరం ఇళ్లలోనే ఉన్నాం. ప్రసిద్ధ్ కృష్ణ బౌలింగ్‌లో బ్రూక్ లేపిన బంతిని బౌండరీ దగ్గర సిరాజ్ పట్టాడు, పట్టి తాడు తొక్కాడు. అప్పటికి బ్రూక్ 19. ఆ తర్వాత 111 దాకా వెళ్లాడు. మన హైదరాబాద్ పిల్లాడు కాబట్టి కోపం ఇంకా ఎక్కువ. వరంగల్ నుంచి పెదనాన్న "ఏంరా సిరాజూ, తాడు కనవడ్తలేదా" అని మొదలుపెడితే సాయంత్రం దాకా అందరూ తిడుతూనే ఉన్నారు. వెలుతురు తగ్గి, వాన వచ్చి ఆట ఆగేసరికి ఇంగ్లండ్ 339/6, ఇంకా 35 చాలు. ఆట మళ్లీ మొదలవుతుందేమో అని అన్నయ్య ఆ టాపిక్ మూయకుండా ఉంచాడు, మూస్తే మేం అందులో రాయలేం.

సోమవారం మనకి మధ్యాహ్నం మూడున్నరకి ఆట. అన్నయ్య ఐదో రోజు టాపిక్ తెరిచి మీటింగ్‌లోకి వెళ్లిపోయాడు. అక్క కూడా ఆఫీసులో ఉంది కాబట్టి ఓవర్ లైన్లు లేవు. పెదనాన్న, అత్త నిన్నటి టాపిక్‌లోనే రాస్తూ పోయారు. నేను, తమ్ముడు కొత్తదాంట్లో. స్మిత్ ఔటైన సంగతి ఒకచోట, ఓవర్టన్ ఎల్బీడబ్ల్యూ ఇంకోచోట. భుజం జారిన వోక్స్ కట్టిన చేతిని స్వెటర్ లోపల పెట్టుకుని బ్యాటింగ్‌కి దిగాడని పెదనాన్న రాసింది పాతదాంట్లో, అట్కిన్సన్ సిక్స్ కొట్టినప్పటి మా టెన్షన్ కొత్తదాంట్లో. గంటలోపే అయిపోయింది. సిరాజ్ యార్కర్‌కి ఆఫ్ స్టంప్ ఎగిరింది, ఆరు పరుగులతో గెలిచాం.

అక్క ఆ రాత్రి మ్యాచ్ పెట్టుకుని, నిన్న ఎక్కడ ఆగామో చూద్దామని నాలుగో రోజు టాపిక్ తెరిచింది. అందులో చివరి మెసేజ్ పెదనాన్నది: "ఆరు రన్స్! ఐదు వికెట్లు తీసిండు మన సిరాజు!" అక్కకి ఏడుపొక్కటే తక్కువ. ప్రతి మ్యాచ్‌లో అందరి కోసం స్కోరు పెట్టే మనిషికి, ఆ సిరీస్‌లోకెల్లా గొప్ప గంట అలా చేజారింది. ఒక టాపిక్‌లో రాసినవి ఇంకోదాంట్లోకి మార్చే వీలు కూడా లేదు, ఫార్వర్డ్ చేసుకోవాల్సిందే.

అయితే తర్వాత కూర్చుని చదివితే నాకు నచ్చింది ఆ పాత టాపికే. నిన్న తిట్టిన పెదనాన్నే ఇవాళ దీవిస్తున్నాడు, రెండూ ఒకే వరసలో ఉన్నాయి. టెస్టు అంటేనే అది కదా. రోజులవారీగా కోస్తే కథ తెగిపోతుంది. అందుకే ఇప్పుడు టెస్టు మొత్తానికి ఒకటే టాపిక్, ఏ రోజుకారోజు మొదటి మెసేజ్ పిన్ చేస్తాం. పిన్ నొక్కితే ఆ రోజు దగ్గరికే వెళ్తుంది.

స్పాయిలర్ అని ఇంకొకటుంది, రాసింది నొక్కేదాకా కనిపించదు, నోటిఫికేషన్‌లోనూ కనిపించదు. మంచిదే, కానీ వికెట్ పడ్డప్పుడు అంత ఓపిక ఎవరికుంటుంది? ఫోన్‌లో చూసేవాళ్లకి బంతి టీవీ కన్నా వెనకగా వస్తుంది, దానికి టాపిక్స్ ఏమీ చేయలేవు. 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్లో హార్దిక్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే నా ఫోన్‌లో "సూర్య పట్టేశాడు" అని వచ్చింది. ఇప్పుడు ఆఖరి ఓవర్లలో ఫోన్‌లో చూసేవాళ్లం టాపిక్ వైపు చూడకుండా కూర్చుంటాం.

అందరూ ఒకే వేళకి, ఒకే ఊళ్లో చూసేవాళ్లయితే దీనికోసం కొత్త యాప్ ఎక్కించుకోమని నేను చెప్పను, వాట్సాప్ చాలు. మా ఇంట్లో ఒకరు వరంగల్, కొందరు హైదరాబాద్, ఒకరు డాలస్. పైగా ఓపిగ్గా స్కోరు పెట్టే అక్క ఉంది. ఆ ఓవర్ లైన్లు లేకపోతే బావకి ఇంత సుఖంగా ఉండేది కాదేమో. పెదనాన్న మాత్రం ఇప్పటికీ ఏ టాపిక్ తెరిచి ఉంటే అందులోనే రాస్తాడు. అందుకని బావ కూడా మ్యాచ్ చూసేశాక పాత టాపిక్ మూసేయడం అన్నయ్య పని.