ఈఈజీ హెడ్‌బ్యాండ్: ఆల్ఫా వరకు ఓకే

మెదడులోని విద్యుత్ అలల్ని తల మీంచి పట్టి ఫోన్‌లో చూపే ఈ బ్యాండ్ కొని రెండు నెలలైంది. కళ్లు మూయగానే సెకనుకు పదేసి ఆల్ఫా అలలు తెర మీద బారులు తీరతాయి, తెరిస్తే చెదిరిపోతాయి. మనిషి ఈఈజీని మొదట నమోదు చేసిన జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో రాసిన సంగతి మా సోఫాలో కూర్చుని చూడటం బాగుంది.

నేను కొన్నది మాత్రం గామా కోసం. సెకనుకు 30 దాటే ఈ వేగపు అలలు, నెమ్మది అల ఒక దశలో ఉన్నప్పుడు పెరుగుతాయి, ఇంకో దశలో తగ్గుతాయి. యాప్‌లో అది కనిపిస్తుందన్నారు. కనిపించింది, జంతిక నమిలినప్పుడల్లా! అది దవడ కండరం, మెదడు కాదు. కస్టమర్ కేర్‌ని అడిగితే 'తల కదపకండి సార్' అన్నారు.

చెయ్యి కదిపేటప్పుడు బీటా (ఆల్ఫాకీ గామాకీ మధ్య వేగపు అలలు) తగ్గడం చూద్దామంటే నడినెత్తిన ఎలక్ట్రోడే లేదు. నుదురు తడిగుడ్డతో తుడిస్తే సిగ్నల్ కాస్త నయం. రెండున్నర స్టార్లు.