షార్ట్ ఫిల్మ్ గ్రూపుల్లో ఆరేళ్లు: దొరికినవాళ్లు, దొరకనివాళ్లు

2019లో మొదటి స్క్రిప్టు రాసేనాటికి సినిమా తీసేవాళ్లు నాకు ఒక్కరూ తెలియదు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పగలు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను, రాత్రి కథలు రాస్తాను. కెమెరా కావాలి, నటులు కావాలి, సౌండు తెలిసినవాళ్లు కావాలి. అందరిలాగే నేనూ వాట్సాప్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్‌లలో కనిపించిన షార్ట్ ఫిల్మ్ గ్రూపులన్నింటిలో చేరిపోయాను. ఒక దశలో పదకొండు గ్రూపులు. ఇప్పుడు రెండు మిగిలాయి. ఈలోగా నాలుగు సినిమాలు పూర్తి చేశాం, మూడు నడిమధ్యలో ఆగాయి. కొత్తగా రాస్తున్నవాళ్లు అడుగుతుంటారు, ఆ గ్రూపుల వల్ల ఉపయోగం ఉందా అని. పదికి నాలుగు మార్కులిస్తాను. ఆ నాలుగూ ఎందుకో కూడా చెబుతాను.

గ్రూపు పేరులో 24 క్రాఫ్ట్స్ (సినిమాకు పనిచేసే ఇరవై నాలుగు శాఖలు) అని ఉంటుంది. లోపల నాకు కనిపించినవి మూడే: హీరోలు, డైరెక్టర్లు, గుడ్ మార్నింగ్ బొమ్మలు. వాట్సాప్‌లో ఒకప్పుడు గ్రూపుకు 256 మందే పట్టేవారు. 2022లో ముందు 512, తర్వాత 1,024 చేశారు. మేమున్న పెద్ద గ్రూపు కూడా అలాగే ఉబ్బింది. జనం నాలుగింతలయ్యారు గానీ, సొంత కెమెరా ఉన్నవాళ్లు మాత్రం మొదటి నుంచీ ఉన్న ఆ ఆరుగురే.

తప్పు నాదీ ఉంది. మొదట్లో నేను పెట్టిన పోస్టు ఇది: ‘మంచి కథ ఉంది, ఆసక్తి ఉన్నవాళ్లు మెసేజ్ చేయండి.’ ఆ రాత్రి ఫోను మోగుతూనే ఉంది. వచ్చినవాళ్లలో ముప్పాతికమంది హీరో వేషం అడిగారు. ఇద్దరు కథేంటని అడిగారు. ఒకాయన తన దగ్గర ఇంతకన్నా మంచి కథ ఉందన్నాడు, నా కథ వినకుండానే.

రెండేళ్ల తర్వాత పెట్టిన పోస్టు వేరు: ‘వచ్చే ఆదివారం పొద్దున్న ఆరు నుంచి పది దాకా సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు మీద ఒక్క సీను. సౌండు రికార్డు చేసేవారు ఒకరు కావాలి. పెట్రోలు, టిఫిను, 500 రూపాయలు.’ ముగ్గురు పలికారు, ఒకడు వచ్చాడు. వాడు ఇప్పటికీ నాతోనే ఉన్నాడు.

ఆ పొద్దున్న జరిగింది చెప్పాలి. పంటు అంటే గోదావరి మీద మనుషుల్నీ బళ్లనీ అవతలి ఒడ్డుకు దాటించే ఇంజను పడవ. అన్నదమ్ములిద్దరు ఆస్తి పంపకాలకు వెళ్తూ పంటు మీద గొడవపడే సీను. ఒకటిన్నర పేజీ డైలాగులు, వారం రోజులు చెక్కాను. పంటు రేవు వదలగానే మావాడు తన హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకు తగిలించాడు. ఇంజను డుగుడుగు తప్ప ఒక్క ముక్క వినిపించలేదు. కాలరు మైకు గడ్డం కింద పెట్టినా అంతే. డబ్బింగ్ చెబుదామన్నాను. వాడు తల అడ్డంగా ఊపి, ‘అన్నా, పంటు మీద వీళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా నించుంటే చాలదా? మాటలన్నీ అవతలి ఒడ్డున దిగాక పెట్టు’ అన్నాడు. కోపం వచ్చింది. ఏం చేస్తాం, అలాగే తీశాం. ఇంజను మోత, మోటార్ సైకిళ్లు, వాళ్ల మధ్య ఒక చేపల తట్ట. దిగాక రెండే రెండు మాటలు. ఆ సినిమాలో అందరూ గుర్తుపెట్టుకున్న సీను అదొక్కటే. నేను రాసిన ఒకటిన్నర పేజీ ఇంకా ఫైల్లోనే ఉంది.

గ్రూపుల్లో దొరకని కెమెరా మా ఊరి పెళ్లిళ్లలో దొరికింది. గోదావరి డెల్టాలో ఏ సెంటర్లో చూసినా ఒక ఫోటో స్టూడియో ఉంటుంది. అందులో మిర్రర్‌లెస్ కెమెరా, గింబల్ (కెమెరా కుదుపుల్లేకుండా పట్టే స్టాండు), ఒక డ్రోను ఉంటాయి. వాళ్లకు లైటింగు తెలుసు, గందరగోళంలో ఫోకస్ పోకుండా పట్టుకోవడం తెలుసు. ఖాళీయే ఉండదు. అందుకని నేను స్క్రిప్టు పక్కన పంచాంగం పెట్టుకుంటాను. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢం వస్తే అది కూడా. ముహూర్తాలు లేని రోజుల్లో లక్షల ఖరీదు చేసే కెమెరాలు బీరువాల్లో పడుకుంటాయి. మా కెమెరా అన్న శ్రావణంలో రోజు అద్దెకే 3,000 అడిగాడు. ఆషాఢంలో డబ్బు మాట ఎత్తలేదు. ‘చేతులు తుప్పు పడుతున్నాయి, రా’ అన్నాడు.

దీంట్లోనూ దెబ్బ తిన్నాను. 2022లో ఆషాఢమే కదా అని జూలైలో ఏటి మధ్య లంకలో షూటింగ్ పెట్టుకున్నాం. ఆ నెలలోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది. మేం చూసి పెట్టుకున్న పాకకు షూటింగ్‌కి బదులు పడవ మీద పులిహోర పొట్లాలు పట్టుకెళ్లాం. అప్పటి నుంచి ఆషాఢానికి ఇంట్లో జరిగే కథలే రాస్తున్నాను, బయట తీసేవన్నీ ధనుర్మాసానికి. కోతలు అయిపోయి గడ్డివాములు వేసి ఉంటాయి, పొద్దున్నే మంచు ఉంటుంది, పైగా సంక్రాంతి దాటేదాకా పెళ్లిళ్లు ఉండవు.

నటుల విషయంలో గ్రూపులకు నేనిచ్చేది సున్నా. పరిషత్తు నాటక పోటీలకు వెళ్లండి. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆడి ఎస్వీ రంగారావు, అంజలీదేవి సినిమాలకు వెళ్లిన ప్రాంతం మనది. ఇప్పటికీ పోటీ ఉన్న రాత్రి గ్రీన్‌రూము దగ్గర నిలబడితే పనిమంతులు కనిపిస్తారు. మా సినిమాల్లో తండ్రి వేషం వేసేది ఒక రిటైర్డ్ మాస్టారు. మొదటి రోజు ఆయన గొంతుకు కొబ్బరితోటలో కాకులు లేచిపోయాయి. ఆఖరి వరుసకు వినపడేలా చెప్పడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. ‘మాస్టారూ, కెమెరా ఇక్కడే ఉందండి, నా చెవిలో చెప్పినట్టు చెప్పండి’ అన్నాను. ‘ఆయ్, ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ’ అని మళ్లీ చెప్పారు. రెండో టేక్ ఓకే. ఆయనకు తన డైలాగులే కాదు, ఎదుటివాళ్లవి కూడా కంఠతా వచ్చు.

గ్రూపుల్లో ఆడపిల్లల పరిస్థితి మాత్రం ఘోరం. మా మొదటి సినిమాలో చేసిన అమ్మాయి ఒక గ్రూపులో నంబరు పెట్టింది. రెండు రాత్రులు ఫోన్లు భరించి, సిమ్ మార్చేసి, సినిమా కూడా వదిలేసింది. ఆ మూడు ఆగిపోయిన సినిమాల్లో అది ఒకటి. అప్పటి నుంచి నటీమణుల కోసం గ్రూపులో ఎప్పుడూ అడగలేదు. ఇంటికి వెళ్లి వాళ్లమ్మగారితో మాట్లాడి, స్క్రిప్టు మొత్తం చేతికిచ్చి వస్తాను. షూటింగ్‌కి ఆవిడ కూడా వస్తారు. ఒకావిడ అయితే మూడో రోజుకి క్లాప్ కొట్టడం మొదలెట్టారు.

ఇంకో దెబ్బ కథ పోవడం. గ్రూపులో పరిచయమైన హైదరాబాద్ మనిషికి ఫోన్లో గంటసేపు కథ చెప్పాను. ఏడాది తర్వాత అదే కథ, చివర మాత్రం మార్చి, యూట్యూబ్‌లో కనిపించింది. అడిగితే ‘ఇలాంటి ఆలోచన ఎవరికైనా వస్తుంది బ్రదర్’ అన్నాడు. చట్టంలో అతనికే బలం ఉంది. 1957 కాపీరైట్ చట్టం ఉత్త ఆలోచనను కాపాడదు, రాసిన రూపాన్నే కాపాడుతుంది. రాసి ఉంటే, రిజిస్ట్రేషన్ చేయించకపోయినా, రాసిన క్షణం నుంచే హక్కు మనది. ఇంకోటి ఆలస్యంగా తెలుసుకున్నాను: హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే కాగితం మీద రాసి సంతకం చేయాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం తీసుకుంటుంది. ఇప్పుడు స్నేహితులతో కూడా ఒక పేజీ రాసుకుంటున్నాం: కథ ఎవరిది, ఖర్చు ఎవరిది, పేరు ఎక్కడ పడాలి, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి. మొదట్లో కెమెరా అన్న చిన్నబుచ్చుకున్నాడు. ‘మన మధ్య కాగితాలేంట్రా’ అన్నాడు. రెండో సినిమాకి తనే అడిగాడు.

చిన్న విషయమే గానీ చెప్పకపోతే మీరూ రాత్రంతా కూర్చుంటారు: స్క్రిప్టు ‘అను’ ఫాంట్లలో (డీటీపీ సెంటర్లలో వాడే పాత తెలుగు అక్షరాలు) కొట్టించకండి. డీటీపీ సెంటర్లో కొట్టించిన నా ఫైలు మాస్టారి ఫోన్లో తెరిస్తే పిచ్చి గుర్తులు వచ్చాయి. యూనికోడ్‌లో గూగుల్ డాక్స్‌లో రాసి పీడీఎఫ్ పంపండి, ఎవరి ఫోన్లో అయినా తెరుచుకుంటుంది.

బాపు పుట్టింది నరసాపురంలో, ముళ్లపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరంలో, కలిసింది మాత్రం మద్రాసులో. పంటు ఎక్కినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది. నాకు కావలసిన మనిషి కూడా అవతలి ఒడ్డునే ఉండి, మేమిద్దరం పదకొండు గ్రూపుల్లో ఒకళ్లనొకళ్లు మ్యూట్‌లో పెట్టుకుని ఉంటామేమో.

వాయిదాల్లో పోయినవీ ఉన్నాయి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, ఎన్నో సినిమాల్లో కనిపించిన ‘సినిమా చెట్టు’ కింద ఒక్క సీనైనా తీయాలని మొదటి స్క్రిప్టులోనే రాసుకున్నాను. గ్రూపులో దొరికిన హీరో డేట్ల కోసం రెండేళ్లు ఆగాం. 2024 ఆగస్టులో చెట్టు కూలిపోయింది. హీరో ఇప్పటికీ గుడ్ మార్నింగ్ పెడుతున్నాడు.

ఎడిటర్ మాత్రం నాకు ఇంకా సరిగ్గా దొరకలేదు. పెళ్లి వీడియోలు చేసే కుర్రాడికి ఇస్తే తండ్రి చనిపోయే సీనులో స్లో మోషను పెట్టి, షాటు షాటుకీ మధ్య గులాబీ రేకులు రాల్చాడు. తీసేయమంటే ‘రేకులకి ఎక్స్‌ట్రా తీసుకోలేదండి’ అన్నాడు. కాబట్టి రాజోలు, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఎడిటింగ్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పదకొండు నిమిషాల సినిమా, ఫుటేజీ సిద్ధంగా ఉంది, డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది, ఒక పేజీ కాగితం రాసుకుందాం. హీరో వేషం ఖాళీ లేదు.